రెండు వేళ్ళ సందు

గుర్రం మాట వస్తే మన పెద్దవాళ్ళ నోట రెండు సామెతలు వినపడేవి. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అన్నది ఒకటి. "రౌతు కొద్దీ గుర్రం" అన్నది రెండోది. మొదటి సామెత గుర్రాన్ని అనుమానిస్తుంది. కాస్త సందిస్తే చాలు, అది పని ఎగ్గొడుతుందంటుంది. రెండోది రౌతునే నిలదీస్తుంది. నీ గుర్రాన్ని చూస్తే నువ్వెలాంటివాడివో తెలిసిపోతుందంటుంది. నేను పశువైద్యుణ్ణి. ముప్పై ఏళ్ళకు పైగా గొడ్డూ గోదా, కుక్కా పిల్లీ, అప్పుడప్పుడూ గుర్రాలూ చూస్తూ వచ్చాను. కుంటుతూ వచ్చిన ప్రతి గుర్రానికీ కాలిలోనో, గిట్టలోనో, వీపులోనో నొప్పి కనిపించింది. సోమరితనం ఒక్కదానిలోనూ కనిపించలేదు. అందుకే ఆ మొదటి సామెత ఎవరన్నా నాకు మనసొప్పదు.

ఈ మొదటి సామెతను పట్టుకుని వేలాడే చోటు ఒకటి పల్లెటూళ్ళకు చాలా దూరంగా ఉంది. ఐరోపాలో, కోట్ల రూపాయల గుర్రాలు, నల్లకోటు తొడిగిన రౌతులు, మెత్తటి ఇసుక పరిచిన మైదానాలు ఉన్నచోట. ఆ ఆట పేరు డ్రెస్సాజ్. మీలో చాలామంది ఒలింపిక్స్ సమయంలో టీవీలో ఒకసారైనా చూసే ఉంటారు. సంగీతానికి గుర్రం అడుగులు వేస్తుంటుంది. "గుర్రం డ్యాన్స్ చేస్తోంది చూడండి" అని పిల్లలు పిలుస్తారు. మనమూ వచ్చి నిలబడి చూస్తాం. ఆ గుర్రం గురించే ఇవాళ నేను చెప్పాలనుకున్నది.

2024 జులై 23. పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవానికి ఇంకా మూడు రోజులుంది. బ్రిటన్‌కు చెందిన షార్లట్ డుజార్డిన్ పోటీల నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించింది. ఆ ఆటలో ఆమెది చాలా పెద్ద పేరు. లండన్, రియో, టోక్యో ఒలింపిక్స్‌లో కలిపి ఆరు పతకాలు, అందులో మూడు స్వర్ణాలు. వాలెగ్రో అనే గుర్రం మీద 2014లో ఆమె తెచ్చుకున్న 94.3 శాతం మార్కులు ప్రపంచ రికార్డు. పారిస్‌లో ఇంకొక్క పతకం వచ్చి ఉంటే, అప్పటిదాకా బ్రిటన్ మహిళల్లో ఎవరికీ లేనన్ని ఒలింపిక్ పతకాలు ఆమెవి అయ్యేవి.

ఆమె తప్పుకోవడానికి కారణం ఒక వీడియో. నాలుగేళ్ళ కిందటిదని ఆమే చెప్పింది. గుర్రం మీద ఒక శిష్యురాలు కూర్చుని ఉంటుంది. నేల మీద డుజార్డిన్ నిలబడి ఉంటుంది, చేతిలో పొడవాటి కొరడా. ఆ కొరడాతో గుర్రం కాళ్ళ మీద కొడుతూనే ఉంటుంది. ఫిర్యాదు చేసిన వారి న్యాయవాది లెక్క ప్రకారం ఒక్క నిమిషంలో 24 దెబ్బలు. నేను ఆ వీడియో ఒక్కసారి చూశాను, రెండోసారి చూడలేకపోయాను. ఆమె సిగ్గుపడుతున్నానంది, క్షమాపణ చెప్పింది. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య వెంటనే సస్పెండ్ చేసి, ఆ డిసెంబరులో ఏడాది నిషేధం, పదివేల స్విస్ ఫ్రాంకుల జరిమానా ఖరారు చేసింది.

ఆ వారం రోజులూ వచ్చిన వార్తలు చాలానే చదివాను. ఆమె బాల్యం, ఆమె పతకాలు, ఆమె కన్నీళ్ళు, స్పాన్సర్లు వదిలెయ్యడం, ఆగిపోయిన ప్రభుత్వ నిధులు, ఇన్నేళ్ళ వీడియో సరిగ్గా ఒలింపిక్స్ ముందే బయటికి ఎందుకొచ్చింది, తెచ్చినవాళ్ళ ఉద్దేశమేమిటి. ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే కావచ్చు. కానీ నేను చదివినంతలో ఎక్కడా ఆ గుర్రం పేరు కనపడలేదు. అది ఇప్పుడు ఎక్కడుంది, ఎలా ఉంది, ఆ కాళ్ళు ఎలా ఉన్నాయి, ఎవరైనా పశువైద్యుడు చూశాడా? ఈ ప్రశ్నలు అడిగిన వార్త నా కంటపడలేదు. దెబ్బలు తిన్నది ఆ గుర్రం. కథలో మాత్రం దానికి చోటు దొరకలేదు.

ఈ ఆట అంటే నాకు కోపం లేదు. ఇది మీకు ముందే చెప్పాలి. ఇష్టం ఉండబట్టే ఇంత బాధ.

అరవై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న మైదానం. గోడ పొడుగునా ఇంగ్లీషు అక్షరాలు రాసిన గుర్తులు. ఫలానా అక్షరం దగ్గర ఫలానా అడుగు మొదలవ్వాలి, ఫలానా దగ్గర ఆగాలి. ఒలింపిక్స్‌లో ఏడుగురు న్యాయనిర్ణేతలు చుట్టూ కూర్చుని ఒక్కో కదలికకూ సున్నా నుంచి పది దాకా మార్కులు వేస్తారు. పియాఫ్ అని ఒకటుంది. గుర్రం ఉన్నచోటనే ఉండి, పరుగులో ఉన్నట్టు కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతుంది. అయిదారు వందల కిలోల బరువున్న జీవం, నేల మీద పువ్వు పెట్టినంత మెల్లగా కాలు దించుతుంది. పిరూయెట్ అని ఇంకొకటి. వెనక కాళ్ళు దాదాపు ఒకే చోట ఉంచి, దౌడు లయ తప్పకుండా చుట్టూ తిరుగుతుంది. బాగా కుదిరిన రోజున రౌతు ఏమీ చెయ్యనట్టే ఉంటాడు. గుర్రం తనంతట తానే ఆడుకుంటున్నట్టు ఉంటుంది. ఆ సునాయాసమే ఈ ఆటకు ప్రాణం.

ఇది పాత విద్య. దాదాపు 2,400 ఏళ్ళ కిందట గ్రీసు దేశంలో జెనొఫోన్ అనే సైనికుడు గుర్రపు స్వారీ మీద పుస్తకం రాశాడు. బలవంతంగా చేయించినదాంట్లో అందం ఉండదన్నది అప్పటికే ఆయన వాదం. ఒలింపిక్స్‌లోకి డ్రెస్సాజ్ 1912లో స్టాక్‌హోమ్‌లో వచ్చింది. చాలాకాలం సైనికాధికారులకే ప్రవేశం. 1952లో హెల్సింకీలో ఆ తలుపు అందరికీ తెరుచుకుంది. ఆ ఏడు డెన్మార్క్ నుంచి లిస్ హార్టెల్ అనే ఆమె వచ్చింది. పోలియో వచ్చి మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడిపోయాయి. గుర్రం ఎక్కించాలన్నా దింపాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. ఆమె రజత పతకం గెలిచింది. ఆ గుర్రం పేరు జూబిలీ.

ఒక్కసారి ఆలోచించండి. ఆ కాళ్ళలో బలం లేదు. మడమతో పొడవలేదు, పిక్కలతో నొక్కలేదు. ఆమెకు ఉన్నదల్లా నడుము తిప్పడం, బరువు అటూ ఇటూ మార్చడం, చేతుల్లో పగ్గాలు. ఆ మాత్రం సైగలను చదువుకుని జూబిలీ ఒలింపిక్ పతకం దాకా నడిచింది. బలప్రయోగం లేకపోతే పై స్థాయి డ్రెస్సాజ్ కుదరదని ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది ఆమే.

ఇప్పుడు నోటి దగ్గరికి వద్దాం.

కొన్నేళ్ళ కిందట హైదరాబాదులో ఒక కుర్రవాడు తన తెల్లగుర్రాన్ని నా దగ్గరికి తోలుకొచ్చాడు. పెళ్ళి బారాత్‌లకు తిప్పే గుర్రం. మేత సరిగా తినడం లేదన్నాడు. మూతి చుట్టూ ఒక తోలు పట్టీ బిగించి ఉంది. విప్పబోతే నా వేలి కొన కూడా దాని కిందికి దూరలేదు. "ఇంత బిగించావేం బాబూ?" అన్నాను. "లూజుగుంటే నోరు తెరుస్తది సార్, తల ఎగరేస్తది. పెళ్ళికొడుకు పడితె నా బతుకు పాయె" అన్నాడు. అబద్ధం కాదు, వాడి భయం వాడిది. పట్టీ విప్పి, కళ్ళెం తీసి, నోరు తెరిచి చూశాను. పెదవుల మూల రెండు పక్కలా చిట్లి, ఎండి, మళ్ళీ చిట్లి ఉంది. నాలుక పక్కన ఒత్తుడు పడి కమిలిన మచ్చ.

గుర్రం నోట్లో ముందు పళ్ళకూ వెనక దవడ పళ్ళకూ మధ్య, పళ్ళు లేని ఖాళీ చిగురు ఉంటుంది. కళ్ళెం ఇనుము వచ్చి ఆనేది అక్కడే, నాలుక మీదుగా. అక్కడ ఎముక అంచు సన్నగా, కత్తి వీపులా ఉంటుంది. దాని మీద ఉన్నది పలుచని పొర. మీ ముంగాలి ఎముక మీద వేలితో గట్టిగా నొక్కి చూసుకోండి, ఎలాంటి చోటో కొంత తెలుస్తుంది. అక్కడ నొప్పి పుడితే ఏ గుర్రమైనా ముందుగా చేసేది నోరు తెరవడం. దవడ కదిపి, నాలుక జరిపి, ఇనుము ఒత్తిడి నుంచి తప్పించుకోవడం. మూతి పట్టీని వేలు దూరనంతగా బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. నొప్పి అలాగే ఉంటుంది, చూసేవాళ్ళకు మాత్రం కనపడదు.

పశువులను మనం నోరులేని జీవాలంటాం. గుర్రానికి నోరుంది. దాన్ని కట్టేసింది మనిషి.

డ్రెస్సాజ్ పై స్థాయిలో గుర్రానికి ఒకటి కాదు, రెండు కళ్ళేలు ఉంటాయి. ఒకటి మామూలుది. రెండోది పక్కలకు ఇనుప కాడలతో, గడ్డం కింద గొలుసుతో పనిచేసేది. చేతిలో లాగిన బలం దాని దగ్గరికి వచ్చేసరికి పెరుగుతుంది. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ జంట కళ్ళేలు తప్పనిసరి. ఆ పైన మూతి పట్టీ. మెత్తని చేతుల్లో ఈ సరంజామా సన్నటి సైగకు పనికొస్తుంది. మొరటు చేతుల్లో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత సందు ఉండాలన్నది స్వారీ నేర్పే పుస్తకాలన్నీ తరతరాలుగా చెప్పే మాట. మరి పాటిస్తున్నారా? 2017లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 750 పోటీ గుర్రాల పట్టీలను కొలిచి చూశారు. రెండు వేళ్ళ సందు ఉన్నవి నూటికి ఏడు. అసలు సందే లేనివి నూటికి నలభై నాలుగు. ఆ అంకెలు చదివినప్పుడు నాకు ఆ బారాత్ కుర్రవాడే గుర్తొచ్చాడు. వాడికి పుస్తకం లేదు, గురువు లేడు, రాత్రికి సంపాదించే నాలుగు డబ్బులే ఆధారం. వీళ్ళకు అన్నీ ఉన్నాయి. అయినా పట్టీ అదే రంధ్రంలో పడింది.

నోటి తరవాత మెడ. గుర్రం తలను లాగి, గడ్డం వెళ్ళి రొమ్ముకు తగిలేదాకా మెడను వంచి, అలాగే ఉంచి పని చేయించే పద్ధతి ఒకటుంది. జర్మన్ భాషలో రోల్‌కూర్ అంటారు. అలా వంచినప్పుడు గుర్రానికి ముందు దారి కనపడదు, తన కాళ్ళ దగ్గరి ఇసుకే కనపడుతుంది. గొంతు దగ్గర దారి ఇరుకవుతుంది. గుర్రం మనలా నోటితో గాలి పీల్చుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. దానికి ముక్కు ఒక్కటే దిక్కు. పారిపోవడమే ప్రాణరక్షణగా పుట్టిన జీవానికి దారి కనపడకపోవడం, ఊపిరి బరువెక్కడం ఎలా ఉంటుందో ఊహించండి. అది తిరగబడదు, లొంగిపోతుంది. ఆ లొంగుబాటును దూరం నుంచి చూసినవాళ్ళు ఎంత విధేయత అనుకుంటారు.

2005లో జర్మనీలోని సాంక్ట్ గేయోర్గ్ అనే అశ్వపత్రిక ఈ పద్ధతి మీద ఘాటుగా రాసింది. ఆ తరవాత జర్మనీకే చెందిన గెర్ట్ హాయిష్మాన్ అనే పశువైద్యుడు దీని మీద ఏకంగా పుస్తకమే రాశాడు. అయినా అది ఆ రంగంలోని వాళ్ళ తగాదాగానే మిగిలింది. 2009 అక్టోబరులో డెన్మార్క్‌లోని ఓడెన్సె దగ్గర ప్రపంచ కప్ పోటీ జరిగింది. పోటీకి ముందు గుర్రాలను సిద్ధం చేసుకునే మైదానంలో ఎపోనా టీవీ అనే చిన్న ఇంటర్నెట్ చానెల్ కెమెరా పెట్టింది. మెడ వంచి తిప్పుతున్న ఒక గుర్రం నోట్లోంచి నాలుక వేలాడుతోంది. దాని రంగు నీలం. ఇనుము కింద నలిగి రక్తప్రసారం ఆగితే నాలుక ఆ రంగుకు తిరుగుతుంది. రౌతు వంగి, నాలుకను లోపలికి సర్ది, మళ్ళీ పని కొనసాగించాడు. ఆ దృశ్యం ప్రపంచమంతా పాకింది. 2010 ఫిబ్రవరి 9న లోసాన్‌లో సమాఖ్య సమావేశం పెట్టింది. నలభై వేల పైచిలుకు సంతకాలతో ఒక వినతిపత్రం ఆ బల్ల మీదికి వచ్చింది. బలవంతంగా మెడ వంచడం ఆమోదయోగ్యం కాదని అక్కడ తేల్చారు. అదే నోటితో, బలవంతం లేకుండా తల కిందికి గుండ్రంగా ఉంచే పద్ధతికి వేరే పేరుతో అనుమతిచ్చారు. చూసేవాడికి రెంటికీ తేడా ఎక్కడ? పగ్గం ఎంత బలంగా లాగి ఉందో మైదానం బయట నిలబడ్డ అధికారికి ఎలా తెలుస్తుంది? పదిహేనేళ్ళుగా ఆ సందులోనే ఈ అలవాటు బతుకుతోందని నా అభిప్రాయం.

అసలు ముడి ఇంకోచోట ఉంది. గుర్రం ముఖం నేలకు నిట్టనిలువుగా గానీ, ముక్కు ఒకింత ముందుకు గానీ ఉండాలి, నడినెత్తి అన్నిటికన్నా ఎత్తున ఉండాలి అని నియమాల పుస్తకంలోనే రాసి ఉంది. 1992 నాటి పెద్ద పోటీల గుర్రాలనూ 2008 నాటి గుర్రాలనూ పోల్చి పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. ముక్కు వెనక్కి, రొమ్ము వైపుకి ముడుచుకున్న గుర్రాలు 2008 నాటికి ఎక్కువయ్యాయని తేలింది. అంటే నియమం మారలేదు, పోటీలో గుర్రం మారింది. అలా మారిన గుర్రాలూ పెద్ద పోటీల దాకా వచ్చాయి, మార్కులు తెచ్చుకున్నాయి. ఎక్కువ మార్కులు వచ్చిన గుర్రం ఎక్కువ ధర పలుకుతుంది. ఎక్కువ ధర పలికిన గుర్రంలా తన గుర్రాన్నీ తయారుచెయ్యాలని ఊరి శిక్షకుడు చూస్తాడు. కొరడా పట్టినవాడికి శిక్ష వెయ్యండి, వేయాల్సిందే. అయితే ముడుచుకున్న మెడకు ఎనిమిది మార్కులు వేసిన చేతినీ ఎవరైనా అడగాలి గదా.

ఆ అడగవలసినవాళ్ళలో పత్రికలూ టీవీలూ ముందుండాలి. వాళ్ళు ఏం చూపించారు?

2016 రియో ఒలింపిక్స్ మీకు జ్ఞాపకం ఉండవచ్చు. నెదర్లాండ్స్ రౌతు అడెలిండె కోర్నెలిసెన్ పోటీ మధ్యలో ఆపేసి, పార్జివాల్ అనే తన గుర్రం మెడ నిమిరి, బయటికి వచ్చేసింది. గుర్రానికి ఏదో పురుగు కుట్టి తల వాచింది, జ్వరం నలభై డిగ్రీలు దాటింది. జ్వరం కాస్త దిగాక బరిలోకి తెచ్చింది, అది బాగా లేదని గ్రహించి ఆపింది. గుర్రం కోసం పతకం వదులుకున్న త్యాగమూర్తి అని ప్రపంచమంతా ఆమె ఫోటో పంచుకుంది. ఆపడం మంచి పనే, కాదనను. కానీ ఒక పశువైద్యుడిగా నాకు వేరే ప్రశ్న మిగిలింది. జ్వరపడి లేచిన గుర్రాన్ని అసలు ఆ రోజు బరిలోకి దింపడమెందుకు? ఇదే పార్జివాల్‌ను 2010లో అమెరికాలోని కెంటకీ ప్రపంచ క్రీడల్లో నోట్లో రక్తం కనపడిందని న్యాయనిర్ణేతలు మధ్యలో ఆపేశారు. నాలుక కొరుక్కుందన్నారు. ఆరేళ్ళ తరవాత త్యాగం కథ రాసినవాళ్ళలో ఎంతమంది ఆ రక్తం మాట రాశారు? కథకు అడ్డమొచ్చే నిజాన్ని పక్కన పెట్టడం ఎంత సులువో అప్పుడు చూశాను.

టోక్యోలో ఇంకో రకం. ఒక అమెరికా గుర్రం హుషారైన సంగీతానికి అడుగులు వేస్తే, ఆ ముక్కను కత్తిరించి ఎంతోమంది పంచుకున్నారు. పాటకు చిందేసే గుర్రమని ముచ్చటపడ్డారు. గుర్రానికి సంగీతంతో పని లేదు. దాని అడుగుల లయను ముందే కొలిచి, దానికి తగ్గట్టు పాట కూరుస్తారు. ఈ చిన్న నిజం చెప్పినా చూసేవాళ్ళ కళ్ళు పాట నుంచి గుర్రం మీదికి మళ్ళేవి. అయితే నృత్యం, కాకపోతే నేరం. ఈ ఆట గురించి పెద్ద పత్రికలకు తెలిసినవి ఈ రెండు కథలే. రెండింటి మధ్యా మామూలు రోజుల్లో, మామూలు శాలలో, మామూలు పట్టీ కింద జరిగేదాన్ని చూపించేవాళ్ళు తక్కువ.

తక్కువే గానీ లేకపోలేదు. డెన్మార్క్‌లో టీవీ2 చానెల్ విలేఖరి ఒకామె పేరున్న ఒక గుర్రాల శాలలో గుర్రాలు చూసుకునే మనిషిగా చేరింది. ప్రపంచం నలుమూలలకూ ఖరీదైన గుర్రాలు అమ్మే చోటది. రోజూ పేడ ఎత్తింది, గుర్రాలు కడిగింది, రహస్యంగా చిత్రీకరించింది. మడమ ములుకులు దిగిన డొక్కలు, కళ్ళెం కోసిన పెదవి మూలలు. 2023 నవంబరులో ఆ కార్యక్రమం ప్రసారమయ్యాక డెన్మార్క్ సమాఖ్య ఆ శాల యజమానిని జాతీయ జట్టు నుంచి దూరం పెట్టింది. ఆ విలేఖరి చేసింది నా లెక్కలో అసలైన పత్రికా రచన. ఆమె కెమెరా గుర్రం డొక్క ఎత్తున ఉంది. పతకం వేసుకునే మెడ ఎత్తున లేదు.

నిజానికి గుర్రం బాధను చదవడం అంత కష్టమైన విద్యేమీ కాదు. బ్రిటన్‌కు చెందిన స్యూ డైసన్ అనే పశువైద్యురాలు రౌతు ఎక్కిన గుర్రంలో చూడవలసిన 24 గుర్తులను జాబితా చేసింది. చెవులు వెనక్కి వాల్చి ఉంచడం, కంటి తెల్లగుడ్డు కనపడటం, నోరు పదే పదే తెరవడం, నాలుక బయటికి రావడం, తోక అదే పనిగా కొట్టుకోవడం, తల విసరడం, ఇలాంటివి. వీటిలో ఎనిమిదో, అంతకు మించో కనపడితే ఎముకల్లోనో కండరాల్లోనో నొప్పి ఉందని అనుమానించాలంటుంది. ఇందులో యంత్రం లేదు, రక్తపరీక్ష లేదు. కళ్ళుంటే చాలు. గేదె మేత ముట్టకపోతే, చెవులు వాల్చేస్తే మన ఇళ్ళలో ఆడవాళ్ళు నాకన్నా ముందే జబ్బు పసిగట్టేవారు. అదే చూపు ఇక్కడా కావాలి.

సమాఖ్యలోనూ కొంత కదలిక వచ్చింది. 2022లో గుర్రాల సంక్షేమం మీద స్వతంత్ర సంఘాన్ని వేశారు. నటాలీ వారన్ అనే ఆచార్యురాలు దానికి అధ్యక్షురాలు. గుర్రాలతో సంబంధం లేని మామూలు జనాన్ని అడిగితే, మూడింట రెండు వంతుల మంది ఆటల్లో గుర్రాల బాగోగుల మీద ఆందోళన ఉందన్నారు. 2025 నుంచి మూతి పట్టీ బిగువును కొలవడానికి పోటీల్లో ఒక కొలబద్ద వాడుతున్నారు. పట్టీ కింద ఆ కొలబద్ద దూరాలి. అధికారి వేళ్ళు లావా సన్నమా అన్న వాదనకు తావు లేదు. ఇన్నేళ్ళకు ఆ రెండు వేళ్ళ సందుకు ఒక కొలత దొరికింది. చిన్న ప్లాస్టిక్ ముక్కలా కనపడినా, నాకు చాలా సంతోషం కలిగించిన వార్త ఇది. మెడ విషయంలో, మార్కుల విషయంలో ఇంత గట్టి కొలత ఇంకా రావలసే ఉంది.

మనకూ ఈ ఆటతో చుట్టరికం ఉంది. 2023 సెప్టెంబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం తెచ్చారు. గుర్రపు స్వారీలో 1982 ఢిల్లీ క్రీడల తరవాత, 41 ఏళ్ళకు వచ్చిన స్వర్ణం. ఐరోపాలో ఏళ్ళ తరబడి ఉండి నేర్చుకున్న పిల్లలు వాళ్ళు. అనూష్ పారిస్ ఒలింపిక్స్‌లోనూ పోటీపడ్డాడు, ఆ ఆటలో మన దేశం తరఫున మొట్టమొదటివాడు. నేను గర్వంతో చదివాను ఆ వార్తలు. చదువుతూ గుర్రాల పేర్ల కోసం వెతికాను. హాంగ్‌ఝౌలో అనూష్‌కు వ్యక్తిగత కాంస్యం తెచ్చిన గుర్రం పేరు ఎట్రో. పారిస్‌లో ఆడిన గుర్రం సర్ కారమెల్లో. రేపు మన ఊళ్ళ నుంచి కూడా పిల్లలు ఈ ఆటకు వెళ్తారు. వాళ్ళు నేర్చుకోబోయేది జూబిలీ నడిచిన దారా, ఓడెన్సె మైదానంలోని దారా అన్నది ఇప్పుడే, మొదట్లోనే, తేల్చుకోవాలి.

మన చట్టం సంగతీ చెప్పాలి. బరువు మోసే, బండి లాగే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనల్లోనే ముళ్ళున్న కళ్ళెం వాడకూడదని ఉంది. మంచి నిబంధన. కానీ మూలమైన 1960 చట్టం ప్రకారం, జంతువును హింసించి మొదటిసారి పట్టుబడితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. ఆ అంకె పెట్టి దశాబ్దాలు దాటాయి. ఐరోపా గురించి మాట్లాడే హక్కు మనకు పూర్తిగా రావాలంటే ముందు ఆ యాభై రూపాయల సంగతి చూసుకోవాలి.

డ్రెస్సాజ్‌ను నిషేధించాలని నేను అనను. జూబిలీ లాంటి గుర్రం, లిస్ హార్టెల్ లాంటి రౌతు కలిసి చేసింది లోకంలో లేకుండా పోవడం నాకు ఇష్టం లేదు. మార్కులు మారాలి. తెరిచిన నోటికి, కొట్టుకునే తోకకు, రొమ్ముకు ముడుచుకున్న ముక్కుకు మార్కులు తగ్గించండి, పట్టుబట్టి తగ్గించండి. అప్పుడు శాలలో శిక్షణ కూడా దాని వెంటే మారుతుంది.

శ్రోతల్లో క్రీడావిలేఖరులు ఎవరైనా ఉంటే వారికి నా విన్నపం ఒకటే. పతకం వచ్చినా, వీడియో బయటపడినా, గుర్రం పేరు రాయండి. అది ఎలా ఉందో కనుక్కుని రాయండి. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ మీ ఇంట్లో టీవీలో వస్తే, రౌతు ముఖాన్ని కాసేపు వదిలేసి గుర్రం నోరు చూడండి, చెవులు చూడండి, తోక చూడండి. పక్కన పిల్లలుంటే వాళ్ళకూ చూపించండి.

అంతవరకూ ఆగనక్కర్లేదు కూడా. ఈ పెళ్ళిళ్ళ సీజన్లో మీ వీధిలోకి బారాత్ గుర్రం వస్తుంది. వరుణ్ణి ఎక్కించేముందు, ఆ కుర్రవాణ్ణి పక్కకు పిలిచి, మర్యాదగా అడిగి, గుర్రం మూతి పట్టీ కింద మీ రెండు వేళ్ళు పెట్టి చూడండి. దూరకపోతే ఒక రంధ్రం వదులు చెయ్యమని చెప్పండి. నా దగ్గరికి వచ్చిన కుర్రవాడు చేశాడు. రెండు వారాల తరవాత మళ్ళీ వచ్చినప్పుడు పెదవి మూలలు మానుతున్నాయి, గుర్రం మేత తింటోంది.